కొమురవ్వ చేతి రొట్టె

కొమురవ్వ రొట్టె తినిపిస్తున్న వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. కింద పాట పెట్టి, పైనుంచి పూలు రాల్చి, చివర్లో దండం పెట్టే బొమ్మ వేసి మా చుట్టుపక్కల గ్రూపులన్నిటిలో తిప్పారు. ఆ వీడియోలో లేనిది చెప్పడానికే కూచున్నాను. నేను బట్టలు కుట్టుకునేదాన్ని, రాయడం నా పని కాదు. కానీ ఎన్నాళ్లని లోపల కుక్కుకుంటాను?

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు మా వాడ మలుపులో ఆగుతుంది. దిగగానే నా కుట్టు దుకాణం, దానికి ఎదురుగా మా చర్చి. చర్చి అంటే గోపురాలూ గంటలూ ఊహించుకోకండి. రేకుల కప్పు, సున్నం రాలే గోడలు, ప్రహరీ లేని ఆవరణ. పందులు, మేకలు, తాగి తూలేవాళ్లు, ఎవరు ఎటునుంచి వచ్చినా అడ్డం లేదు. వాడలో ఉన్నవన్నీ మాదిగ ఇళ్లే. మా తాతల కాలంలోనే ప్రభువును నమ్ముకున్నాం. దేవుడు మారాడు గానీ వాడ మారలేదు. మమ్మల్ని చూసే చూపూ మారలేదు.

కొమురవ్వ ఇల్లు చర్చి వెనకాలే. భర్త రాయమల్లు బావులు తవ్వేవాడు, పోయి చాలా ఏళ్లయింది. కూతురిని ఆదిలాబాద్ ఇచ్చింది. అల్లుడు అక్కడ పత్తి మిల్లులో పనిచేస్తాడు. వచ్చి తమతోనే ఉండమని వాళ్లు ఎన్నిసార్లు పిలిచినా ఈమె పోదు.

"నేను పోతే బల్లకు రొట్టె ఎవ్వలు జేస్తరు?" అంటుంది.

నెలకు ఒకసారి, మొదటి ఆదివారం నాడు మాకు బల్ల ఉంటుంది. యేసు తన శిష్యులతో చివరిసారి కూచుని తిన్న భోజనాన్ని తలచుకుంటూ, తలా ఒక రొట్టె ముక్క, ఒక గుటక ద్రాక్షరసం తీసుకుంటాం. పట్నం చర్చిల్లో ఆ రొట్టె ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం కొమురవ్వ ఇంటినుంచి వస్తుంది. శనివారం గిర్నీకి పోయి, అక్కడ ఇంకెవరి మిరపకాయలూ పట్టకముందే తన గోధుమలు పట్టించుకుంటుంది. గిర్నీ అతను విసుక్కుంటే అతనితో పోట్లాడుతుంది. ఆదివారం తెల్లారగానే తలమీద నీళ్లు పోసుకుని, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా కట్టెల పొయ్యి వెలిగిస్తుంది. దానికోసమే విడిగా ఉంచుకున్న పెనం ఒకటుంది, దానిమీద ఇంకేదీ కాల్చదు. ఉప్పు వెయ్యదు, సోడా వెయ్యదు. వేలు మందాన ఒకటే పెద్ద రొట్టె కాల్చి, ఇత్తడి పళ్లెంలో పెట్టి, తెల్లగుడ్డ కప్పి తెస్తుంది. దారిలో పలకరిస్తే పలకదు. అందరూ తీసుకున్నాక చివర తను తీసుకుంటుంది. తర్వాత గుడ్డను అరచేతిలో దులుపుకుని ఆ పొడి కూడా నోట్లో వేసుకుంటుంది. బల్ల రొట్టె నేలమీద పడకూడదని ఆమె పట్టుదల. పిల్లలెవరైనా ముక్క జారవిడిస్తే వాళ్ల వీపు మోగేది.

ఇంత చాదస్తం ఎందుకని నేనే ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమెను పటేలు ఇంట్లో పనికి పెట్టారు. పెట్టారు అనడమే సరి, ఆమెను ఎవరూ అడగలేదు. పేడ ఎత్తడం, వాకిలి ఊడ్వడం, ఆ ఇంట్లో అప్పుడే పుట్టిన పిల్లాడి పీతిగుడ్డలు ఉతకడం. ఆ పిల్లాడి పేరు లింగమూర్తి. పిల్లాడి మలం ముట్టుకోవచ్చు, పిల్లాడి పాలగిన్నె మాత్రం ముట్టకూడదు. దాహమైతే దోసిలి పడితే, పైనుంచి చెంబుతో నీళ్లు పోసేవాళ్లు. చెంబు అంచు వేలికి తగిలితే ఆ చెంబును చింతపండు వేసి తోమేవాళ్లు, ఆమె ముందే.

ఆ రోజుల్లోనే అత్త మంచాన పడి, ఒక నెల బల్ల రొట్టె ఈమె చేయాల్సి వచ్చింది. అప్పటి పాస్టరు, మా పాత అయ్యగారు, సిరిసిల్ల వైపు మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లో పుట్టినాయన, అంటే మా వాడమనిషి కాదు. ఆయన ఆ రొట్టెను రెండు చేతులా ఎత్తి, విరిచి, ముందు తనే తిన్నాడు. తిని ఆమె వైపు చూసి, "మంచిగ జేసినవు బిడ్డా" అన్నాడు. పరాయి కులపువాడు తన చేతిది తినడం ఆమె పుట్టి పెరిగాక అదే మొదలు. ఇంటికి పోయి పొయ్యి ముందు కూచుని ఏడ్చిందట.

"గప్పుడే నమ్మిన వినోదా, దేవుడున్నడని," అంది నాతో. "అంతకుముందు ఏదో మా అత్తోళ్లు పోతుండ్రని పోయేదాన్ని."

ఆమెకు తెలిసిన వేదాంతమంతా అదే. బల్ల దగ్గర తన చేతి రొట్టెను అందరూ తింటారు. ఆమెకు దేవుడు అక్కడున్నాడు, ఇంకెక్కడా వెతకలేదు. అది పోతే ఆమెకు ఏమీ మిగలదు. ఇది తెలిస్తే చాలు, తర్వాత జరిగింది ఎంత పాడు పనో మీకే తెలుస్తుంది.

ఇప్పటి మా పాస్టరు పేరు అరుణ్‌కుమార్. కాగజ్‌నగర్‌లో మాలాంటి ఇంట్లోనే పుట్టాడు. పట్నంలో పెద్ద వేదాంత కళాశాలలో చదివాడు. అక్కడ అణచివేతకు గురైనవాళ్ల దేవుడి గురించి లావుపాటి వ్యాసం రాసి మెడల్ తెచ్చుకున్నాడు. పొగడాల్సింది దాచను. వచ్చిన కొత్తలో ఆయన ప్రసంగం వింటే ఒళ్లు పులకరించేది. దేవుడు దొరల గడీలో కూచోలేదు, గడీ బయట చెప్పులు విడిచి నిలబడ్డవాళ్ల పక్కన నిలబడ్డాడు అనేవాడు. ఊళ్లో అన్ని బల్లల దగ్గరినుంచీ నెట్టేసినవాళ్ల కోసం ప్రభువు వేసిన బల్ల ఇది అనేవాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కల్లు దుకాణం దగ్గర మా వాడ పిల్లను కొడితే, మాతో ఠాణాకు వచ్చి ఎస్సై ముందు కుర్చీ లాక్కుని కూచున్నాడు కూడా.

తర్వాత పట్నంలో సభలకు పిలవడం మొదలైంది. పోయి వచ్చినప్పుడల్లా ఆయన మాటల్లో మేం పెద్దగా అయ్యాం, ఆయన కళ్లకు చిన్నగా అయ్యాం. సభలో "నా ప్రజలు" అనేవాడట. ఇక్కడ మాత్రం, "వీళ్లకు ఎంత చెప్పినా తెలివి రాదు" అని విసుక్కునేవాడు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. లింగమూర్తి సర్పంచు పదవికి నిలబడ్డాడు. అవును, ఆ పీతిగుడ్డల లింగమూర్తే. ఇప్పుడు రైసుమిల్లు ఉంది, కారు ఉంది, ముందూ వెనకా పదిమంది కుర్రాళ్లున్నారు. మా వాడ ఓట్లు పడకపోతే గెలవడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మా పాస్టరుకూ తెలుసు.

ఎన్నికలకు ముందు వచ్చే మొదటి ఆదివారం దగ్గర పడుతుండగా పాస్టరు నా దుకాణానికి వచ్చాడు. చేతిలో తెల్లగుడ్డ, లేసు చుట్ట.

"వినోదక్కా, బల్ల మీద పరిచేటందుకు కొత్తది కుట్టాలె. నాలుగు దిక్కుల నేలదాకా దిగాలె. ఆదివారం లింగమూర్తి సారు వస్తుండు."

"వస్తే రానియ్యి అయ్యగారూ. కూసుంటడు, శాలువ కప్పించుకుంటడు, పోతడు. బల్ల గుడ్డకు ఆయనకు ఏం సంబంధం?"

"బల్ల గూడ తీసుకుంటడు."

నేను మిషను ఆపాను. "బాప్తిస్మం లేనోళ్లకు మనం బల్ల ఇస్తమా?"

ఆయన గొంతు వెంటనే ప్రసంగంలోకి మారిపోయింది. "ప్రభువు బల్లకు తలుపులు పెట్టలేదక్కా. సమాజం వెలివేసిన వారితో కలిసి భుజించాడు. బల్ల అందరిదీ. నేను చదువుకున్నప్పుడు రాసింది గూడ దీనిమీదనే."

వెలివేసినవాళ్ల కోసమని చదువుకున్న చదువు అది. దాన్ని తెచ్చి, మమ్మల్ని వెలివేసిన ఇంటివాడికి చాప పరిచాడు. నేను అడిగాను, "అయితే కొమురవ్వకు చెప్పిన్రా, ఈసారి జర పెద్ద రొట్టె జెయ్యమని?"

ఆయన లేసు వైపు చూస్తూ, "మంథనిల బేకరీకి చెప్పిన. ప్యాకెట్ల వస్తది. నీటుగుంటది" అన్నాడు.

"ఎందుకు? ఆమె చేతిది తిననని పటేలు అన్నడా?"

"కొన్ని మాటలు చెప్పించుకోవద్దక్కా. మనమే అర్థం జేసుకోవాలె. మనకు ప్రహరీ గోడ కట్టిస్తనన్నడు. గుళ్లెకు పందులొస్తున్నయి, నీకు తెల్వదా?"

పందులు వస్తున్న మాట నిజమే. గోడ కావాల్సిన మాటా నిజమే. అందుకే కాబోలు, గుడ్డ తీసుకున్నాను. ఆ రాత్రంతా లోపల లింగమూర్తిని తిట్టుకుంటూనే ఉన్నాను. ఓట్లు కావాలి, మా చేతి రొట్టె మాత్రం వద్దు, ఏం పుట్టుక అని.

మర్నాడు కొమురవ్వ వచ్చింది. గడప మీదే కూచుంది.

"వినోదా, అయ్యగారు నన్ను ఈ నెల రెస్టు తీసుకొమ్మన్నడు. నాకేమైంది బిడ్డా? నేను మంచిగనే ఉన్న గదా?"

ఆమె అరచేతులు చూపించింది. ఆ చేతులకు ఏదైనా రోగం వచ్చిందని నేను చెప్తానేమోనని చూసింది. ఇంక దాచలేకపోయాను. ఉన్నది చెప్పేశాను, పటేలు నీ చేతిది తినడంట అవ్వా, బేకరీది తెప్పిస్తున్నారు అని.

ఆమె ఏడవలేదు. "గా ఇంట్ల పుట్టినోడు ఇంకెట్లంటడు" అంది. లేచి, చీర దులుపుకుని, మళ్లీ ఆగింది. "గని వినోదా, అది పటేలు ఇల్లు గాదు గదా. బల్ల గదా."

ఆ మాట వ్యాసాలు రాసినాయనను అడగాలి.

ఆదివారం వచ్చింది. మేమెప్పుడూ చాపల మీద కూచుంటాం. ఆ రోజు ముందువరసలో టెంట్‌హౌస్ సోఫా ఒకటి వేశారు, దానిమీద కొత్త టర్కీ తువ్వాలు పరిచారు. బయట ఫ్లెక్సీ కట్టారు. దానిమీద ప్రభువు బొమ్మ ఒక మూల, లింగమూర్తి బొమ్మ నిండుగా. ఆడవాళ్లం చూసి కూడా చూడనట్టు లోపలికి పోయాం. మా సంఘంలో నోరున్న మగవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రోజు అందరూ సోఫాకు చోటిచ్చి వెనక్కి జరిగి కూచున్నారు.

కొమురవ్వ వచ్చింది. తడి తల, తెల్లచీర, చేతిలో ఇత్తడి పళ్లెం, పైన గుడ్డ. ఎవరు వద్దన్నా ఆమె రొట్టె చేసింది. తిన్నగా నడిచిపోయి బల్ల మీద పెట్టింది. పెట్టి వెనక్కి వచ్చి తన చోట కూచుంది. పాస్టరు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత అందరినీ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండమన్నాడు. నేను మూసుకోలేదు. ఆయన ఆ పళ్లెం తీసి, వంగి, బల్ల కింద నేలమీద పెట్టాడు. నేను కుట్టిన లేసు గుడ్డ నేలదాకా దిగి ఉంది కదా, పళ్లెం కనిపించకుండా పోయింది. నాలుగు వైపులా దిగాలని ఎందుకన్నాడో అప్పుడు నాకు తెలిసింది. లేచి ఆ గుడ్డ చింపేద్దామన్నంత రోత పుట్టింది.

తర్వాత లింగమూర్తి వచ్చాడు. శాలువ, దండ, చప్పట్లు. పాస్టరు ఆ రోజు నాయకుల కోసం ప్రార్థించడం గురించి చెప్పాడు. గడీ బయట నిలబడ్డ దేవుడు ఆ రోజు సోఫా పక్కన నిలబడ్డాడన్నమాట. ప్యాకెట్ చింపిన చప్పుడు మైకులో వినిపించింది. బల్ల మీది ప్లేటులో తెల్లటి మెత్తటి ముక్కలు, అంచులు కోసేసినవి. లింగమూర్తి ఒకటి తీసుకుని, ప్రసాదంలాగా కళ్లకద్దుకుని తిన్నాడు. అందరూ లేచి తీసుకున్నారు. కొమురవ్వ లేవలేదు. నేనూ లేవలేదు.

ఆరాధన అయిపోయింది. జనం బయటకు పోతుండగా కొమురవ్వ బల్ల దగ్గరికి వెళ్లి, లేసు గుడ్డ ఎత్తి, వంగి తన పళ్లెం బయటికి తీసుకుంది. పళ్లెం మీది గుడ్డకు దుమ్ము అంటితే ఊదింది. ఆ పళ్లెం పట్టుకుని ఆవరణలో కారు పక్కన నిలబడ్డ లింగమూర్తి దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"పటేలా, నా చేతి రొట్టె తిననన్నవంట. అది మీ ఇల్లు గాదు, బల్ల. ఇక్కడ అట్ల అనద్దు."

చుట్టూ ఉన్న కుర్రాళ్లు ముందుకొచ్చారు. లింగమూర్తి వాళ్లను ఆపి, నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు.

"నేనెందుకంట అవ్వా? నన్నెవ్వలు అడిగిన్రు? నాకసలు రొట్టె ముచ్చటనే తెల్వది. అయ్యగారు పెట్టింది నేను తిన్న."

అందరం పాస్టరు వైపు తిరిగాం. ఆయన లింగమూర్తి తీసేసిన శాలువ మడతపెడుతున్నాడు. తలెత్తలేదు.

పటేలు అనలేదు. ఎవరూ అనలేదు. అనకముందే, అడగకముందే, మా మనిషే, మా వాడలాంటి వాడలోనే పుట్టినవాడే, ఆ చేతులను అంటరానివి చేసి బల్ల కింద దాచాడు. నేను ఇన్ని రోజులూ తప్పు మనిషిని తిట్టుకున్నాను. కొమురవ్వ పాస్టరును అలాగే చూస్తూ ఉండిపోయింది. పటేలు ఇంట్లో చెంబు తోమినప్పుడు కూడా ఆమె ముఖం అలా అయి ఉండదు.

కథ అక్కడే ఆగినా బాగుండేది. కానీ లింగమూర్తి ఎన్నికల్లో ఉన్న మనిషి. పళ్లెం వైపు చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, ముఖంలో వెలుగు వచ్చింది.

"ఫోను తియ్యిర్రా," అన్నాడు. "తే అవ్వా, నీ చేతితోని పెట్టు. నువ్వు మా ఇంట్ల పనిజేసినదానివేనట గదా. నాకు అవ్వ లెక్క."

ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కొమురవ్వకు ఫోన్ల సంగతి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా, ఆ ఇంటి మనిషి తన చేతి రొట్టె అడుగుతున్నాడని. ఒక్కసారిగా ఆమె ముఖం విచ్చుకుంది. దాన్నే నేను చూడలేకపోయాను. ముక్క విరిచి ఆయన నోట్లో పెట్టింది.

"మస్తున్నది!" అన్నాడు లింగమూర్తి.

"సార్, ఎండ ఎదురుగున్నది, మొఖం నల్లగొచ్చింది. మళ్లొక్కసారి," అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

మళ్లీ పెట్టించుకున్నాడు. ఈసారి ఎవరో మధ్యలోకి వచ్చారు. మూడోసారికి పాస్టరును కూడా పక్కన నిలబడమన్నారు. ఆయన వచ్చి నిలబడ్డాడు! ఆ రొట్టెను బల్ల కింద దాచినవాడు, దాని పక్కన నిలబడి పళ్లు బయటపెట్టి నవ్వాడు. కొమురవ్వ మూడోసారి పెట్టేటప్పటికి ఆమె చేయి నోటిదాకా పోయి ఆగింది. ఏదో తేడాగా ఉందని అప్పుడు అర్థమైనట్టుంది. లింగమూర్తే తల ముందుకు వంచి అందుకున్నాడు.

వీడియో అయిపోయింది. ఆయన కారుకు అటువైపు తిరిగాడు. ఒకడు నీళ్ల సీసా అందించాడు. ఆయన నోరు పుక్కిలించి నేలమీద ఉమ్మేశాడు. మింగని ముక్క అందులోనే వచ్చింది. ఉప్పు లేని పొడిరొట్టె, గొంతుకు అడ్డం పడిందేమో, ఏమో, ఆయన కడుపులో ఏముందో నాకెందుకు. తలుపు వేసుకుని పోయాడు.

కొమురవ్వ చూసింది. పళ్లెం నాకిచ్చి, పోయి అక్కడ కూచుంది. ఆ తడిమట్టిలోంచి, ఆ ఉమ్మిలోంచి, నమిలిన రొట్టెను వేళ్లతో ఏరి అరచేతిలోకి ఎత్తుకోసాగింది.

"ఛీ, వద్దవ్వా! లెవ్వు!" అని అరిచాను.

"బల్లది బిడ్డా. పందులు తొక్కుతయి," అంది.

పడుచుతనంలో వాడి మలం ఎత్తింది. ముసలితనంలో వాడి ఉమ్మి ఎత్తింది. మధ్యలో ఇన్నేళ్ల ప్రార్థనలు, పాటలు, ప్రసంగాలు, మెడళ్లు. ఆమె ఆ పిడికిలి మూసుకుని పోయి, తన పెరట్లో గుంట తవ్వి పూడ్చింది. తర్వాత చేతులు కడుక్కుంటూనే ఉంది, నేను చెంబుతో పోస్తూనే ఉన్నాను.

వీడియో తిరిగింది. లింగమూర్తి గెలిచాడు. గోడకు పునాది అని చర్చి చుట్టూ కందకం తవ్వించి, కొబ్బరికాయ కొట్టించి, మళ్లీ కనిపించలేదు. పందులు ఇప్పుడు ఆ కందకంలో పడుకుంటున్నాయి.

తర్వాతి నెల బల్లకు ఇంకా వారం ఉందనగా పాస్టరు కొమురవ్వ ఇంటికి వచ్చాడు. జాకెట్టు కొలత తీసుకోవడానికి నేను అక్కడే ఉన్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడి చాలా తియ్యగా మాట్లాడాడు.

"అవ్వా, ఈసారి నీ రొట్టెనే ఉండాలె. పట్నంనుంచి పెద్దలొస్తుండ్రు, నీ వీడియో చూసిండ్రు. నేను గూడ అక్కడి సభల దీని గురించే మాట్లాడుతున్న. అణగారినవారి చేతి రొట్టెలో ప్రభువు ఎట్లా దర్శనమిస్తాడు అనేదాని మీద."

నేను పళ్లు కొరుక్కున్నాను. కొమురవ్వ మాత్రం శాంతంగానే ఉంది.

"మొన్న ప్యాకెట్ రొట్టె ఎవ్వలు తెమ్మన్నరు అయ్యగారూ?"

"అయిపోయిన ముచ్చట ఎందుకవ్వా? సంఘం మంచికే..."

"పటేలు గట్ల అన్నా నాకు దుఃఖం లేకపోవు," అంది ఆమె. "ఆయన మన బల్లకు కూసున్నోడు గాదు. నువ్వు నెలనెల నా చేతిది తిన్నవు గదా. తినుకుంటనే గట్ల అనుకున్నవా?"

ఆయన గోడ వైపు చూశాడు. "నాక్కూడా భయముంటది గదా అవ్వా," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటే ఆయన నోటినుంచి ఆ ఏడాదిలో నేను విన్న నిజం. కాస్త జాలి కూడా వేసింది.

కొమురవ్వకు కూడా వేసినట్టుంది. "లోపటికి రా, కూసో," అంది. పొయ్యి వెలిగించింది. పిండి కలిపింది. బల్ల పెనమే పొయ్యి మీద పెట్టింది. ఆదివారం కాని రోజున ఆ పెనం దించడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన చాప మీద కూచున్నాడు. రొట్టె కాలింది. వేడివేడిగా ముక్క విరిచి, చెయ్యి చాచి ఆయన అరచేతిలో పెట్టింది.

"తిను బిడ్డా."

అయ్యగారు అనలేదు. బిడ్డా అంది. దానితో అంతా తుడిచేసుకుందామనే అంది. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి, నేను చూశాను. ముక్కను పైకెత్తాడు.

ఎత్తి, ఆగాడు.

"ఒక్క నిమిషం అవ్వా. ఇదే, ఇదే కావాలె," అంటూ రెండో చేత్తో జేబులోంచి ఫోను తీశాడు. రొట్టె ముక్కను పొయ్యి వెలుగుకు తిప్పి పట్టుకున్నాడు. "నీ చెయ్యి గూడ జర పక్కన పెట్టవా, ఆ గీతలు పడాలె."

కొమురవ్వ చెయ్యి పెట్టింది. ఫోటోకు కాదు. ఆయన వేళ్ల మధ్యనుంచి ఆ ముక్కను తీసేసుకుంది.

"తినేటందుకు జేసిన," అంది.

దాన్ని రెండుగా విరిచి సగం నాకిచ్చింది, సగం తను నోట్లో వేసుకుంది. పళ్లెంలో ఉన్న రొట్టెను కూడా మా ఇద్దరి మధ్యకు లాక్కుంది. ఆయన ఫోను పట్టుకుని అలాగే కూచున్నాడు. ఆయన ముందే కూచుని, విరుచుకుంటూ, నములుకుంటూ, పొడితో సహా ఆ రొట్టె మొత్తం ఇద్దరం తినేశాం. ఆయనకు మళ్లీ పెట్టలేదు.